షెల్ ముందు నాలుగు పోర్టులు

అందరికీ నమస్కారం. ఆదివారం పూట గాజువాక నుంచి, అనకాపల్లి నుంచి, విజయనగరం నుంచి కూడా వచ్చారు. ఇంత దూరం వచ్చినవాళ్లను ఉత్త చేతులతో పంపకూడదు. ఓఎస్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్, రాకముందే సర్వర్ నెట్‌వర్క్ పోర్టుల్లో తప్పు ఎక్కడుందో పట్టుకోవడం ఇవాళ్టి విషయం. నా గురించి రెండు ముక్కలు చెప్పేసి పనిలోకి వెళ్తాను. పదిహేడేళ్లుగా సర్వర్లు బిగించడం, బాగు చేయడం నా పని. ఆఫీసులో కుర్చీలో కూర్చున్న రోజుల కంటే ర్యాకుల వెనక నిలబడ్డ రోజులే ఎక్కువ.

తెర మీద చూడండి. ఇది విండోస్ కాదు, లినక్స్ కాదు. నల్లటి తెర, పసుపు రంగులో షెల్ అని ఒక ప్రాంప్ట్, పక్కన మెరిసే గీత. ఓఎస్ ఇంకా రాలేదు. డిస్కు లేకపోయినా ఇది వస్తుంది. మెషీన్ ఆన్ కాగానే ముందుగా నడిచే, బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్ ఫర్మ్‌వేర్; పాత బయోస్ స్థానంలో వచ్చిన ఫర్మ్‌వేర్‌ను యూఈఎఫ్‌ఐ అంటున్నాం కదా, దానికి కమాండ్లు ఇచ్చే చోటు ఇది. 1990ల చివర్లో ఐటానియం ప్రాసెసర్ కోసం ఇంటెల్ వాళ్లు ఈఎఫ్‌ఐ పేరుతో మొదలుపెట్టారు. 2005లో కంపెనీలన్నీ కలిసి యూఈఎఫ్‌ఐ ఫోరమ్ పెట్టుకున్నాయి. ఇవాళ మనం వాడే షెల్‌కు ఆధారమైన 2.0 స్పెసిఫికేషన్ 2008లో వచ్చింది. టియానోకోర్ ప్రాజెక్టులో దీని కోడ్ అంతా బయటే ఉంది, ఎవరైనా చదువుకోవచ్చు. చరిత్ర ఇంతవరకు చాలు.

ఇది నాకెందుకు అవసరమైందో చెప్పాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను మన విశాఖ మీద పడినప్పుడు మీలో చాలామంది బడికి వెళ్లే పిల్లలు. రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు. కరెంటు వచ్చాక ఒక ఆఫీసుకు పిలిచారు. సర్వర్ గదిలోకి నీళ్లు వచ్చి వెళ్లాయి. సర్వర్ ఆన్ అయింది గానీ డిస్కులు పోయాయి. బ్యాకప్ పై అంతస్తులో ఇంకో మెషీన్‌లో భద్రంగా ఉంది. మధ్యలో ఉన్న దారి నెట్‌వర్క్ ఒక్కటే. ఆ దారి బాగుందో లేదో తేల్చుకోవాలి, అదీ ఓఎస్ లేకుండా. ఈ షెల్‌లో పోర్టుల వివరాలు చూపే, అడ్రస్‌లు మార్చే ఐఎఫ్‌కాన్ఫిగ్ అనే కమాండ్ ఒకటుందని ఆ రోజు నాకు తెలియదు. మూడు గంటలు కేబుళ్లు పీకి పెట్టి, పీకి పెట్టి అలసిపోయాను. ఆఖరికి పోర్టు బాగానే ఉంది, కేబుల్ బాగానే ఉంది. నేను కేబుల్ పెట్టిన పోర్టు ఒకటి, సర్వర్ బూట్ కావడానికి వెతుకుతున్న పోర్టు ఇంకొకటి. ఆ రోజు నుంచి ఈ విషయం మీద పట్టుదల వచ్చింది నాకు.

ఒకే పోర్టు ఉన్న మెషీన్‌లో పెద్ద తిప్పలేం ఉండవు. రెండు, నాలుగు, ఆరు పోర్టులున్నప్పుడే చిక్కు. ఆ చిక్కంతా ఒక్క మాట అర్థం కాకపోవడం వల్లే వస్తుంది. ఆ మాట చెప్తాను, జాగ్రత్తగా వినండి.

లినక్స్‌లో గానీ విండోస్‌లో గానీ పోర్టులన్నిటికీ పైన ఇంటి పెద్దలాగా ఒక రూటింగ్ టేబుల్ ఉంటుంది. ఫలానా అడ్రస్‌కు వెళ్లాలా, అయితే రెండో పోర్టులోంచి పో అని చెప్పేది అదే. షెల్‌లో ఆ పెద్ద లేడు. ఫర్మ్‌వేర్ ఒక్కో పోర్టుకూ విడివిడిగా స్టాక్, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన ప్రోగ్రామ్‌ల దొంతర, కడుతుంది. అడుగున కార్డు డ్రైవర్. దాని మీద సింపుల్ నెట్‌వర్క్ ప్రోటోకాల్, మనం ఎస్ఎన్‌పీ అంటాం. దాని మీద ఎంఎన్‌పీ, ఆ ఎస్ఎన్‌పీని పైవాళ్లందరికీ పంచేది. ఆ పైన ఏఆర్‌పీ, ఐపీ. ఇంకా పైన యూడీపీ, టీసీపీ, సర్వర్‌ను అడిగి అడ్రస్ తెచ్చే డీహెచ్‌సీపీ. నాలుగు పోర్టులుంటే నాలుగు ఇళ్లు అనుకోండి. ఎవరి గుమ్మం వాళ్లదే, ఎవరి నుయ్యి వాళ్లదే. ఈ ఇంటి గేట్‌వే, అంటే బయటి నెట్‌వర్క్‌కు వెళ్లే తలుపు, ఆ ఇంటికి తెలియదు. పక్కింటి గోడ దాటి ఒక్క ప్యాకెట్ కూడా వెళ్లదు. లినక్స్ అలవాటుతో వచ్చి "సిస్టమ్‌కు ఐపీ ఇచ్చాను, పింగ్ పోవడం లేదు" అంటారు. సిస్టమ్‌కు ఐపీ అనేది ఇక్కడ లేదు. ఈ పోర్టుకు ఇచ్చావా, ఆ పోర్టుకు ఇచ్చావా అన్నదే ఉంది.

ఇక చేతితో చేసే పనికి వద్దాం. షెల్‌లోకి వెళ్లగానే నేను పింగ్, అంటే అవతలి మెషీన్ పలుకుతుందా అని ప్యాకెట్ పంపి చూసే కమాండ్, కొట్టను. ముందు లెక్క పెడతాను, మూడు చోట్ల.

మొదటిది పీసీఐ అనే కమాండ్. మదర్‌బోర్డు మీద పీసీఐ బస్ అనే దారికి తగులుకున్న పరికరాలన్నిటినీ చూపిస్తుంది. అందులో నెట్‌వర్క్ కంట్రోలర్, ఈథర్‌నెట్ అని ఉన్న వరసలు ఎన్ని? నాలుగనుకుందాం. రెండోది డీహెచ్ డాష్ పీ సింపుల్‌నెట్‌వర్క్. ఎస్ఎన్‌పీ దాకా కట్టిన ఇళ్లెన్నో ఇది చెప్తుంది. మూడోది ఐఎఫ్‌కాన్ఫిగ్ డాష్ ఎల్. ఐపీ దాకా పూర్తయిన ఇళ్లెన్నో ఇది చూపిస్తుంది, ఈథ్0, ఈథ్1 అని పేర్లతో. మూడు లెక్కలూ ఒకటే అయితే డ్రైవర్ల సంగతి మరిచిపోవచ్చు, తప్పు పైన ఎక్కడో ఉంది. లెక్క ఎక్కడ తగ్గితే అక్కడే పని ఆగిపోయింది.

పీసీఐలో నాలుగుండి ఎస్ఎన్‌పీలు రెండే ఉన్నాయనుకోండి. మిగతా రెండింటికి డ్రైవర్ ఎక్కలేదు. కార్డు మీద ఉన్న ఆప్షన్ రోమ్, అంటే కార్డు తన డ్రైవర్ దాచుకునే చిప్, పాతకాలం బయోస్‌ది కావచ్చు, అందులో యూఈఎఫ్‌ఐ డ్రైవరే ఉండకపోవచ్చు. లేదా బూట్ త్వరగా కావాలని ఫర్మ్‌వేర్ అవసరమైన పరికరాలనే కలిపి మిగతావి వదిలేసి ఉండొచ్చు. రెండో సందర్భంలో కనెక్ట్ డాష్ ఆర్ అంటే మిగిలినవి కలుస్తాయి. మొదటి సందర్భంలో పెన్‌డ్రైవ్‌లో డ్రైవర్ తెచ్చి లోడ్ అనే కమాండ్‌తో ఎక్కించాలి. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే సంతకం లేని డ్రైవర్‌ను అది రానివ్వదు. యాక్సెస్ డినైడ్ అని వస్తే పెన్‌డ్రైవ్ పాడైందనుకుని ఫార్మాట్ చేసేయకండి, కారణం అది. ఇంకో మాట: కొన్ని కార్డుల్లో ఒకే పీసీఐ వరస మీద రెండు పోర్టులు ఉంటాయి. అక్కడ పీసీఐ లెక్క తక్కువగా, ఎస్ఎన్‌పీ లెక్క ఎక్కువగా కనిపిస్తుంది. అది తప్పు కాదు.

ఎస్ఎన్‌పీలు నాలుగూ ఉండి ఐఎఫ్‌కాన్ఫిగ్‌లో ఒకటి తగ్గిందంటే ఆసక్తికరమైన కేసు. అసలేమీ కనిపించకపోతే ఫర్మ్‌వేర్ సెటప్ మెనూలో నెట్‌వర్క్ స్టాక్ ఆఫ్‌లో ఉందని అర్థం, వెళ్లి ఆన్ చేయాలి. ఒక్కటే తగ్గితే మాత్రం ఆ ఇంటిని ఎవరో ఆక్రమించారు. ఏదైనా బూట్ ప్రోగ్రామ్ ఎస్ఎన్‌పీని ఎక్స్‌క్లూజివ్‌గా, అంటే నాకొక్కడికే అని తెరిస్తే, దాని మీద కట్టిన ఎంఎన్‌పీ, ఐపీ అన్నీ కూలిపోతాయి. ఓపెన్‌ఇన్ఫో అనే కమాండ్‌కు ఆ పోర్టు హ్యాండిల్ నంబరు, అంటే డీహెచ్ జాబితాలో దానికి ఉన్న నంబరు, ఇస్తే ఎవరు పట్టుకున్నారో పేరుతో సహా చెప్తుంది. అప్పుడు ఆ ఒక్క హ్యాండిల్‌నే డిస్‌కనెక్ట్ చేసి మళ్లీ కనెక్ట్ చేయండి. రీకనెక్ట్ డాష్ ఆర్ కొడితే మెషీన్‌లోని పరికరాలన్నీ, మీరు చూస్తున్న తెరతో సహా, ఊడి మళ్లీ కలుస్తాయి. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు?

డ్రైవర్స్, పీసీఐ లాంటి కమాండ్లు ఇచ్చే పెద్ద జాబితాలు తెర దాటి పైకి పోతాయి. చివర డాష్ బీ పెడితే పేజీ పేజీకి ఆగుతుంది. ఫైలులోకి పంపుకోవాలంటే పెద్దదని చూపే గుర్తు (>), దాని పక్కన ఏ అనే అక్షరం పెట్టి పెన్‌డ్రైవ్ మీద పేరు ఇవ్వండి. ఆ ఏ లేకపోతే ఫైలు యూనికోడ్‌లో పడుతుంది, కొన్ని పాత టూల్స్‌లో తెరిస్తే అక్షరాల మధ్య ఖాళీలు కనిపించి కంగారు పడతారు.

ఇప్పుడు అసలు తలనొప్పి. ఈథ్0 అంటే ఏ పోర్టు?

సర్వర్ వెనక స్టిక్కర్ మీద 1, 2, 3, 4 అని ఉంటుంది. షెల్‌లో ఈథ్0 నుంచి ఈథ్3 దాకా ఉంటుంది. ఒకటికి సున్నా, రెండుకు ఒకటి అని మనసులో లెక్క కట్టేసుకుంటాం. ఈ పేర్లకూ స్టిక్కర్‌కూ ఏ ఒప్పందమూ లేదు. డ్రైవర్లు ఏ వరసలో ఎక్కితే ఆ వరసలో నంబర్లు పడతాయి. కొత్త కార్డు పెడితే మారొచ్చు. డిస్‌కనెక్ట్ చేసి కనెక్ట్ చేసినా మారొచ్చు. లినక్స్‌లోకి వెళ్లాక అక్కడి పేర్లు మళ్లీ వేరు. మారనిది ఒక్కటే, తయారీలోనే ఒక్కో పోర్టుకూ ఇచ్చే మ్యాక్ అడ్రస్. ఐఎఫ్‌కాన్ఫిగ్ జాబితాలో ప్రతి పోర్టు కింద మ్యాక్ అడ్రస్ ఉంటుంది, దాన్నే పట్టుకోండి.

మ్యాక్ తెలిసినా వెనక ఏ రంధ్రమో తెలియాలి కదా. నేను చేసేది చాలా నాటు పద్ధతి. అన్ని కేబుళ్లూ పెట్టి ఐఎఫ్‌కాన్ఫిగ్ డాష్ ఎల్ కొడతాను. మీడియా స్టేట్ అనే వరసలో మీడియా ప్రెజెంట్ అని ఉంటుంది. ఒక కేబుల్ తీసి మళ్లీ అదే కమాండ్. ఎవరి కింద మీడియా డిస్‌కనెక్టెడ్ అని మారిందో వాళ్లదే ఆ రంధ్రం. మాస్కింగ్ టేప్ ముక్క మీద మ్యాక్ అడ్రస్ చివరి నాలుగు అక్షరాలు రాసి పోర్టు పక్కన అంటిస్తాను. నాలుగు పోర్టులకు పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలు మిగుల్చుకుందామనుకున్న ప్రతిసారీ నేను గంటలు పోగొట్టుకున్నాను. కొన్ని కార్డులకు సెటప్ మెనూలో లైటు మెరిపించే ఆప్షన్ ఉంటుంది, ఉంటే వాడుకోండి. కొన్ని డ్రైవర్లు లింక్ ఉందో లేదో చెప్పలేవు, అప్పుడు స్టేట్ తెలియదని వస్తుంది. అక్కడ ఈ పద్ధతి నడవదు, డివైస్ పాత్‌లోని, అంటే ఫర్మ్‌వేర్ ఆ పోర్టుకు రాసుకున్న చిరునామాలోని, పీసీఐ నంబర్లు చూసి స్లాట్ పట్టుకోవాలి.

లైట్ల గురించి కూడా చెప్పాలి. పోర్టు దగ్గర పచ్చ లైటు వెలుగుతోంది కాబట్టి పోర్టు పని చేస్తోందని అనుకోవద్దు. చాలా సర్వర్లలో రిమోట్ మేనేజ్‌మెంట్ చిప్ ఒక మామూలు పోర్టునే పంచుకుంటుంది. ఆ చిప్ వెలిగించిన లైటు అది. యూఈఎఫ్‌ఐ డ్రైవర్ అసలు ఎక్కకపోయినా లైటు వెలుగుతూనే ఉంటుంది.

మన ఊరికి ప్రత్యేకమైన శత్రువు ఇంకొకటుంది, ఉప్పుగాలి. హార్బర్ వైపు, బీచ్ రోడ్డు వైపు ఉన్న ఆఫీసుల్లో ఏసీ సరిగ్గా పని చేయకపోతే ఏడాది రెండేళ్లకే పోర్టు లోపలి రాగి మీద పచ్చటి పొర పడుతుంది. బయటికి కేబుల్ కొత్తదానిలా ఉంటుంది. లింక్ వస్తుంది, పోతుంది. షెల్‌లో ఒకసారి ప్రెజెంట్, ఇంకోసారి డిస్‌కనెక్టెడ్. ఒకే పోర్టు ఇలా ఊగుతుంటే కమాండ్లు ఆపేసి టార్చి తీసుకుని పోర్టు లోపలికి చూడండి. ఎనిమిది తీగలూ ఒకే రంగులో మెరవాలి.

ఇప్పుడు పింగ్. మన విశాఖ స్టేషన్‌లో హౌరా వైపు నుంచి చెన్నై వైపు వెళ్లే బండి ఇంజను మార్చుకుని వెనక్కి తిరగాలి. అందుకే కొన్ని బండ్లు ఊళ్లోకి రాకుండా దువ్వాడ మీదుగా వెళ్లిపోతాయి. మీరు విశాఖ ప్లాట్‌ఫారం మీద నిలబడి ఎంతసేపు ఎదురుచూసినా ఆ బండి రాదు. బండి ఆలస్యం కాలేదు, రద్దు కాలేదు. మీరు నిలబడ్డ స్టేషన్ వేరు. షెల్‌లో పింగ్ ఫెయిలైతే నేను మొదట అడిగే ప్రశ్న ఇదే: ప్యాకెట్ ఏ స్టేషన్ నుంచి బయల్దేరింది?

నాలుగు పోర్టుల్లో రెండింటికి కేబుల్ ఉంది. ఒకటి మేనేజ్‌మెంట్ నెట్‌వర్క్, 172.16.5.21. ఇంకోటి డేటా నెట్‌వర్క్, 192.168.10.21. మీరు పింగ్ 192.168.10.1 అన్నారు. గమ్యం డేటా నెట్‌వర్క్‌లో ఉంది కాబట్టి షెల్ ఆ పోర్టునే ఎంచుకుంటుందని అనుకుంటాం. నేను చూసిన షెళ్లలో అలా జరగదు. సోర్స్ చెప్పకపోతే లింక్ ఉన్న పోర్టుల్లో మొదట దొరికినదాన్ని తీసుకుని అందులోంచి పంపేస్తుంది. ఏ అడ్రస్ ఏ నెట్‌వర్క్‌దో, అంటే సబ్‌నెట్, పోల్చి చూసే పెద్ద ఇక్కడ లేడని మొదటే చెప్పాను కదా. ప్యాకెట్ మేనేజ్‌మెంట్ గుమ్మంలోంచి బయటికి పోయి అక్కడే తప్పిపోతుంది. మీరేమో డేటా కేబుల్ మార్చి మార్చి చూస్తుంటారు. చేయాల్సింది పింగ్ డాష్ ఎస్ 192.168.10.21, ఆ తరువాత 192.168.10.1. బయల్దేరే ఊరు చెప్పి పంపాలి. మామూలుగా పది ప్యాకెట్లు, ఒక్కోదానిలో 16 బైట్లు పంపుతుంది. డాష్ ఎన్‌తో సంఖ్య, డాష్ ఎల్‌తో సైజు మార్చుకోవచ్చు. చిన్న ప్యాకెట్లు వెళ్లి పెద్దవి చేరకపోతుంటే ఇందాక చెప్పిన ఉప్పు పొరను మళ్లీ అనుమానించండి.

తమాషా ఏమిటంటే నెట్‌వర్క్ నుంచి ఫైలు తెచ్చే టీఎఫ్‌టీపీ కమాండ్ తీరు వేరు. ఇంటర్‌ఫేస్ పేరు చెప్పకపోతే అది ఒక్కో పోర్టులోంచీ వరసగా ప్రయత్నించి, ఎక్కడ ఫైలు దొరికితే అక్కడ ఆగుతుంది. అందుకే పింగ్ ఫెయిలై టీఎఫ్‌టీపీ పని చేసే సందర్భాలు వస్తాయి. దయ్యం పట్టిందేమో అనిపిస్తుంది, ఏ దయ్యమూ లేదు. టీఎఫ్‌టీపీకి పోర్టు చెప్పాలంటే డాష్ ఐ పెట్టి ఈథ్ పేరు ఇవ్వాలి. పింగ్‌కు మాత్రం పేరు కాదు, సోర్స్ అడ్రస్ ఇవ్వాలి. ఈ తేడా గుర్తుంచుకోండి, ఇప్పుడు చెప్పబోయే కేసు దీని మీదే నడిచింది.

ఓడలు ఆగే పోర్టు ఏరియాకు దగ్గరలో ఒక ఆఫీసు. రాత్రి తొమ్మిదికి పిలిచారు. సర్వర్‌లో బోర్డు మీద రెండు పోర్టులు, ఆ వారమే కొత్తగా పెట్టిన కార్డులో ఇంకో రెండు. ఐఎఫ్‌కాన్ఫిగ్ కొట్టాను. ఈథ్3 కింద 192.168.10.21, మాస్క్ సరే, గేట్‌వే సరే, మీడియా ప్రెజెంట్. మ్యాక్ అడ్రస్ కూడా స్టిక్కర్‌తో సరిపోయింది. పింగ్ డాష్ ఎస్ ఇచ్చి కొట్టాను. పది పంపింది, సున్నా తిరిగొచ్చాయి. కేబుల్ మార్చాను. స్విచ్‌లో పోర్టు మార్చాను. అదే కేబుల్‌కు నా లాప్‌టాప్ తగిలిస్తే గేట్‌వే హాయిగా పలికింది. టైం పన్నెండు దాటింది. పొద్దున్న ఆరింటికి వాళ్ల షిఫ్ట్ మొదలు. నిజంగా టెన్షన్ పట్టుకుంది.

ఆ ఆఫీసులో సిస్టమ్స్ చూసే కుర్రాడు, మీ వయసే ఉంటుంది, నా పక్కన నిలబడి రిజిస్టర్‌లో రాసుకోవడానికి జాబితా మొదటి నుంచి పైకి చదువుతున్నాడు. ఒకచోట ఆగి, "మేడం, ఈ నంబరు పైన కూడా ఉందండి" అన్నాడు. చూశాను. ఈథ్1 కింద కూడా 192.168.10.21.

జరిగింది ఇదీ. అంతకు ముందు పని చేసిన ఇంజనీర్ షెల్ మొదలవగానే నడిచే స్టార్టప్ స్క్రిప్టులో ఒక వరస రాసి పెట్టారు, ఈథ్1కు ఈ స్టాటిక్ అడ్రస్, అంటే మనం చేత్తో ఇచ్చే మారని అడ్రస్, ఇవ్వమని. ఆయన రాసినప్పుడు రెండే పోర్టులు, బోర్డు మీద రెండోది ఈథ్1. కొత్త కార్డు పెట్టాక దాని పోర్టులు ముందు ఎక్కి ఈథ్0, ఈథ్1 అయ్యాయి. బోర్డు మీదివి ఈథ్2, ఈథ్3గా జరిగాయి. స్క్రిప్ట్ తన పని తాను చేసింది, కొత్త కార్డు రెండో పోర్టుకు ఆ అడ్రస్ ఇచ్చేసింది. మరి ఈథ్3కు ఆ అడ్రస్ ఎక్కడిది? ఇది బాగా వినండి. ఐఎఫ్‌కాన్ఫిగ్‌తో ఇచ్చిన స్టాటిక్ అడ్రస్ కరెంటు తీసినా పోదు. ఫర్మ్‌వేర్ దాన్ని మదర్‌బోర్డు మీది ఫ్లాష్‌లో దాచుకుంటుంది, అదీ ఈథ్ నంబరుతో కాదు, మ్యాక్ అడ్రస్ పేరుతో. కాబట్టి పాత పోర్టు తన పాత అడ్రస్‌తోనే లేచింది. రెండు ఇళ్లకు ఒకే డోర్ నంబర్. విండోస్ అయితే గోల చేసేది. ఇక్కడ ఒక ఇంటికి ఇంకో ఇంటి సంగతి తెలియదు కాబట్టి ఎవరూ నోరు విప్పలేదు. నేను సోర్స్ అడ్రస్ ఇచ్చి పింగ్ అంటే, ఆ అడ్రస్ ఉన్న మొదటి ఇల్లు ఈథ్1 దొరికింది. దాని కేబుల్ స్టోరేజ్ స్విచ్‌లో ఉంది. అక్కడ ఆ గేట్‌వే లేదు.

ఐఎఫ్‌కాన్ఫిగ్ డాష్ ఎస్ ఈథ్1 డీహెచ్‌సీపీ అన్నాను. స్టాటిక్ అడ్రస్ పోయింది. మళ్లీ పింగ్ కొడితే పదికి పది. స్క్రిప్ట్‌లో ఆ వరస తీసేశాం. తప్పు పట్టుకున్నది ఆ కుర్రాడు, జాబితాను మొదటి నుంచి చదివాడు కాబట్టి. నేను నాకు కావాల్సిన ఈథ్3 ఒక్కటే చూశాను. అప్పటి నుంచి ఎంత తొందరగా ఉన్నా అన్ని పోర్టుల వివరాలూ పైనుంచి కిందికి చదువుతాను.

ఇక్కడే ఒక హెచ్చరిక. ఇలాంటప్పుడు ఐఎఫ్‌కాన్ఫిగ్ డాష్ ఆర్ కొట్టాలనిపిస్తుంది. పోర్టు పేరు ఇవ్వకుండా దాన్ని కొడితే అన్ని పోర్టులూ డీహెచ్‌సీపీకి మారిపోతాయి. ఎవరో కష్టపడి పెట్టుకున్న స్టాటిక్ సెట్టింగులన్నీ పోతాయి. కొట్టే ముందు జాబితాను ఫైలులోకి కాపీ చేసుకోండి.

డీహెచ్‌సీపీ గురించి ఒక్క నిమిషం. టియానోకోర్ కోడ్‌లో కొత్త పోర్టు పాలసీ మొదట్లో స్టాటిక్‌గానే ఉంటుంది, అడ్రస్ అన్నీ సున్నాలు. డీహెచ్‌సీపీ సర్వర్ ఉంది కదా, అడ్రస్ ఎందుకు రాలేదని చాలామంది అడుగుతారు. మనం అడగమని చెప్పలేదు కాబట్టి అది అడగలేదు. చెప్పాక కూడా రాకపోతే స్విచ్ వైపు చూడండి. పాత స్పానింగ్ ట్రీ, అంటే ప్యాకెట్లు గుండ్రంగా తిరగకుండా స్విచ్ కాసే కాపలా, నడుస్తుంటే లింక్ వచ్చాక 15 సెకన్లు వినడం, ఇంకో 15 సెకన్లు నేర్చుకోవడం, మొత్తం 30 సెకన్లు ఆ పోర్టు ఏదీ దాటనివ్వదు. మీరు కనెక్ట్, డిస్‌కనెక్ట్ చేసిన ప్రతిసారీ లింక్ పడి లేస్తే ఆ 30 సెకన్లు మళ్లీ మొదలు. అర నిమిషం ఆగి కొట్టండి, లేదా స్విచ్ చూసేవాళ్లకు చెప్పి ఆ పోర్టును ఈ ఎదురుచూపు లేని ఎడ్జ్ పోర్టుగా పెట్టించండి. అటువైపు ట్రంక్, అంటే ఒకే కేబుల్‌లో చాలా నెట్‌వర్కులు వచ్చే ఏర్పాటు, ఉండి ఏ నెట్‌వర్క్‌దో చెప్పే వీలాన్ ట్యాగ్ కావాలంటే వీకాన్ఫిగ్ అనే చిన్న ప్రోగ్రామ్ ఉంది, పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోండి.

ఇక మీ ప్రశ్నలు. అక్కడ వెనక చెల్లెమ్మ చేయెత్తింది.

"మేడం, పని అయిపోయాక నెట్‌వర్క్ స్టాక్ ఆన్‌లోనే ఉంచొచ్చా?"

మంచి ప్రశ్న అమ్మా. వద్దు. 2024 జనవరిలో పిక్సీఫెయిల్ పేరుతో ఈ టియానోకోర్ నెట్‌వర్క్ స్టాక్‌లోనే తొమ్మిది లోపాలు బయటపెట్టారు. ఓఎస్ రాకముందే, అదే నెట్‌వర్క్‌లో ఉన్నవాడు మెషీన్ మీద చేయి వేయగల లోపాలు అందులో ఉన్నాయి. నెట్‌వర్క్ నుంచి బూట్ చేయాల్సిన అవసరం లేని మెషీన్‌లో సెటప్‌లోకి వెళ్లి స్టాక్ ఆఫ్ చేసి రండి. అవసరం ఉంటే ఆ ఒక్క పోర్టుకే ఉంచండి, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేయించండి.

ముందు వరసలో బాబు, చెప్పు.

"మా కాలేజీలో సర్వర్లు ముట్టుకోనివ్వరండి. ఇది నేర్చుకునేదెలా?"

నేను ఎదురుచూస్తున్న ప్రశ్న ఇదే. సర్వర్ అక్కర్లేదు, ఏ లాప్‌టాప్ అయినా సరిపోతుంది. కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌లా నటించే క్యూఈఎంయూ అనే ఎమ్యులేటర్, దానికి ఓవీఎంఎఫ్ అనే యూఈఎఫ్‌ఐ ఫర్మ్‌వేర్, రెండూ ఉచితం. విర్ట్ఐఓ రకం నెట్‌వర్క్ కార్డులు రెండు పెట్టు, ఓవీఎంఎఫ్‌లో వాటి డ్రైవర్ ఉంటుంది. రెండింటికీ యూజర్ నెట్‌వర్క్ ఇచ్చి షెల్‌లో ఈథ్0కు, ఈథ్1కు డీహెచ్‌సీపీ అడుగు. రెండింటికీ 10.0.2.15 అనే అడ్రసే వస్తుంది, ఎందుకంటే క్యూఈఎంయూ ఒక్కో కార్డు వెనక ఒక్కో చిన్న నెట్‌వర్క్ కడుతుంది, రెండూ అచ్చం ఒకేలా ఉంటాయి. పోర్టు ఏరియాలో నన్ను అర్ధరాత్రి దాకా నిలబెట్టిన తప్పు నీ ఇంట్లో పది నిమిషాల్లో తయారవుతుంది. సోర్స్ ఇచ్చి 10.0.2.2కు పింగ్ కొట్టు, పలుకుతుంది. ఇప్పుడు క్యూఈఎంయూ మానిటర్‌లోకి వెళ్లి సెట్ లింక్‌తో ఒక కార్డు లింక్ తీసేయ్, మళ్లీ కొట్టు. తరువాత ఇంకో కార్డుది తీసి చూడు. ఏ ఇంట్లోంచి వెళ్తోందో నీకే తెలిసిపోతుంది. అది అయ్యాక రెండో కార్డు నెట్‌వర్క్‌ను 192.168.76.0కు మార్చి, సోర్స్ చెప్పి ఒకసారి, చెప్పకుండా ఒకసారి పింగ్ కొట్టు.

లాప్‌టాప్ తెచ్చుకున్నవాళ్లు ఎంతమంది? ముందు వరసలోకి రండి. ఓవీఎంఎఫ్ ఫైలు నా పెన్‌డ్రైవ్‌లో ఉంది, కాపీ చేసుకుని ఇక్కడే ఆన్ చేద్దాం.